ఎక్కించిన పాటలు

పాటలు ఎక్కించుకోవడానికి వెళ్ళేముందు జాబితా రాసుకోవాలి. నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి నిలువునా మడిస్తే ఒక సగం ఏ సైడు, రెండో సగం బీ సైడు. అరవై నిమిషాల క్యాసెట్టంటే ఒక్కో పక్క అరగంట. అప్పటి కొత్త సినిమా పాట నాలుగు నిమిషాలు దాటేది కాబట్టి పక్కకు ఆరో ఏడో పట్టేవి. పాత పాటలయితే తొమ్మిది దాకా సర్దవచ్చు. అవి 78 ఆర్‌పీఎం రికార్డుల కాలంలో పుట్టినవి. పది అంగుళాల ప్లేటు మీద ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే జాగా ఉండేది. సాలూరి రాజేశ్వరరావు అయినా, ఘంటసాల అయినా పల్లవీ చరణాలూ బీజీఎమ్మూ అన్నీ ఆ మూడు నిమిషాల్లో ముగించి తీరాలి. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. జాబితా రాస్తూ, పాటల పక్కన నిమిషాలు వేసుకుని కూడుకుంటూ తెలుసుకున్నాను.

ఇది 1980ల నాటి తెనాలి. బోసు రోడ్డు దాపున ఒక రికార్డింగ్ షాపు ఉండేది. ఇరుకు గది, గోడ పొడుగునా ఎల్పీ అట్టలు, ఒక టర్న్‌టేబులు, దాని పక్కన డబుల్ డెక్కు. బల్ల మీద లావుపాటి బైండు పుస్తకాలు. వాటిలో సినిమా పేరు, సంవత్సరం, పాట మొదటి మాటలు, పాడినవాళ్ళు, ఆ పాట ఏ రికార్డులో ఉందో దాని నంబరు. అన్నీ యజమాని చేతిరాతే. పుస్తకం తిరగేస్తూ కూచుంటే గంటలు తెలిసేవి కావు. ఖాళీ క్యాసెట్టు మనం తెచ్చుకున్నా సరే, అక్కడ కొన్నా సరే. చేతిలో డబ్బులుంటే సోనీ, టీడీకే. లేకపోతే మెల్‌ట్రాక్, టీ సిరీస్. జాబితా ఇచ్చి వస్తే వారం పది రోజులకు క్యాసెట్టు చేతికొచ్చేది. పెళ్ళిళ్ళ రోజులయితే ఇంకా ఆలస్యం, ఎందుకంటే పెళ్ళివారికి మైకుసెట్టు క్యాసెట్లు ముందు కావాలి.

ఆ యజమాని జాబితాను ఊరికే తీసి సొరుగులో పెట్టేవాడు కాదు. కళ్ళజోడు సర్దుకుని, పైనుంచి కిందకు చదివి, మధ్యలో ఆగేవాడు. "ఈ పాట తరవాత ఇది వద్దబ్బాయ్. రెండూ ఒకటే నడక. రెండోది తేలిపోతుంది," అని పెన్సిలుతో బాణం గీసి కిందకు దించేవాడు. పాటల వరస అనేదొకటుందని, ఒక పాట తన ముందున్న పాట వల్ల బాగుపడుతుందనీ చెడిపోతుందనీ నాకు నేర్పింది ఆయనే. 'మల్లీశ్వరి' పాట పక్కన ఏదీ నిలబడదని ఆయన నమ్మకం. దాన్ని ఎప్పుడూ పక్క చివర్లో వేసేవాడు.

ఎంత కొలిచి రాసినా ప్రతి పక్కా చివర రెండు మూడు నిమిషాల టేపు మిగిలేది. జాబితా అడుగున నేనొక వాక్యం రాసేవాణ్ణి: మిగిలిన జాగాలో మీకు నచ్చింది వెయ్యండి. ఆ వాక్యం వల్ల నాకు దొరికినంత సంగీతం నేను ఎంచుకున్న పాటల వల్ల దొరకలేదు. రావు బాలసరస్వతీదేవి లలితగీతాలు అలా వచ్చాయి. సినిమాలకు సంబంధం లేని ఆ పాటల్లో, ఒంటరిగా ఏదో తలుచుకుంటూ పాడుకుంటున్నట్టుండే ఆ గొంతు నాకు అంతకుముందు తెలియదు. తెనాలి దగ్గరి మోపర్రులో పుట్టిన ఎం.ఎస్. రామారావు గారు సుందరకాండకు ముందు ఎలా పాడేవారో అలాగే విన్నాను. కరుణశ్రీ పద్యాలకు ఘంటసాల గొంతు 'పుష్పవిలాపం'లో మా ఇంట్లో అందరికీ తెలుసు. 'కుంతీకుమారి'ని మాత్రం మొదట పూర్తిగా విన్నది షాపు యజమాని వేసిన చివరి నిమిషాల్లోనే. క్యాసెట్టు తెచ్చుకోగానే ముందు పక్క చివరికి తిప్పి, ఈసారి ఏం వేశాడో చూసేవాణ్ణి.

చట్టం ప్రకారం ఆ షాపు పని తప్పే. కాదనను. కానీ ఆ పాటల్లో సగానికి పైగా ఏ కంపెనీ దుకాణంలోనూ దొరికేవి కావు. మూల రికార్డు మార్కెట్లోంచి పోయి ఏళ్ళు గడిచాక, అడిగినవాడికి ఆ పాట ఇచ్చిన చెయ్యి ఆ ఇరుకు గదిలోదే.

మా నాన్నగారి తరానికి ఈ సదుపాయం లేదు. వాళ్ళకు పాట వచ్చి పోయేది. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు గేటు వేశాక శ్రోతలంతా సిలోను స్టేషనుకు తిరిగారు. మన తెలుగు పాటలు అక్కణ్ణించి మీనాక్షీ పొన్నుదురై గారి గొంతుతో కలిసి వచ్చేవి. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలయ్యాక పాట ఇంటికి దగ్గరయిందే గాని చేతికి మాత్రం రాలేదు. కోరిన పాటల ముందు చదివే పేర్లూ ఊర్లూ వింటూ ఉండేవారు మా బాబాయి. ఒకే పాటను పదే పదే అడిగే ఏ ఊరి మనిషో ఆయనకు బంధువులా అనిపించేవాడు. అలా పేరు విని, ఊరు పేరు పట్టుకుని కార్డు రాస్తే చేరిన సందర్భాలున్నాయి. ఆ తరవాత పదిహేను పైసల కార్డుల మీద పాటల సంగతులు నడిచేవి. ఫలానా సినిమాలో ఫలానా పాట రికార్డులో లేని చరణం తెరమీద ఉందట, మీరు చూశారా అని ఒకరు. జనరంజనిలో ఎవరో ప్రముఖులు వేయించిన పాట ఎవరు పాడారో తెలిస్తే రాయండి అని ఇంకొకరు. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఏళ్ళ తరబడి రాసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

రికార్డులో లేని చరణం అన్నది ఉత్తమాట కాదు. మూడు నిమిషాల ప్లేటులో పట్టక చాలా పాటల్ని కత్తిరించేవాళ్ళు. పూర్తి పాట ఫిలిం మీదే ఉండేది. దాన్ని పట్టుకోవాలంటే సినిమా మళ్ళీ ఆడాలి, లేదా దూరదర్శన్‌లో రావాలి. టీవీ స్పీకరు ముందు టేపురికార్డరు పెట్టి, ఫ్యాను ఆపి, ఇంట్లో పిల్లల్ని బయటికి పంపి పట్టుకున్న పాటలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఒకదానిలో చరణం మధ్యన వీధిలో ఉప్పు అమ్మే మనిషి కేక ఉంటుంది. ఇప్పుడు ఆ పాట శుభ్రంగా దొరుకుతోంది. నాకది ఆ కేక లేకుండా పూర్తి అయినట్టు అనిపించదు. 'రహస్యం' 1967లో వచ్చి ఆడలేదు. అందులో మల్లాది రామకృష్ణశాస్త్రి రాసి ఘంటసాల స్వరపరిచిన 'గిరిజా కల్యాణం' యక్షగానం కోసం మా పాటల గుంపు పడిన తాపత్రయం చెప్పనలవి కాదు. అది ఎవరి దగ్గర ఉందని తెలిస్తే ఆ ఊరికి రైలెక్కడమే.

క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో తయారుచేసినా, మా వీధికి వచ్చేసరికి పదిహేనేళ్ళు దాటింది. దుబాయి, కువైట్ వెళ్ళినవాళ్ళు టూ ఇన్ వన్‌లు పట్టుకొచ్చిన కాలమది. నేషనల్ పానసోనిక్ ఒకటి వీధిలోకి వస్తే ఆ ఇంటి అరుగు మీద సాయంత్రం పదిమంది. రేడియోలోంచి నేరుగా టేపు మీదకు పాట దిగడం మొదటిసారి చూసినప్పుడు మా నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "అయితే ఇంక పోదన్నమాట," అన్నారు.

గంగానమ్మపేటలో ఒక లెక్కల మాష్టారుండేవారు. ఆయన పట్టేది సినిమా పాట కాదు. విజయవాడ కేంద్రం కచేరీలు. 1948 డిసెంబరులో మొదలైన ఆ కేంద్రానికి మా ప్రాంతంలో ఉన్న గౌరవం ఇప్పటివాళ్ళకు చెప్పి ఒప్పించడం కష్టం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, బాలాంత్రపు రజనీకాంతరావు, శ్రీరంగం గోపాలరత్నం అక్కడ పనిచేసినవాళ్ళే. పొద్దున్నే భక్తిరంజని వింటూ మా అమ్మ కుంపటి రాజేసేది. మాష్టారు పక్షానికోసారి వచ్చే ఆకాశవాణి పత్రిక 'వాణి' తెప్పించి, కచేరీల కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకునేవారు. మొదట్లో ఆయన దగ్గర స్పూలు టేపురికార్డరు ఉండేది. తరవాత క్యాసెట్లకు మారారు. కచేరీ రోజున ఆయన ఇంటికి ఎవరూ వెళ్ళరు. వెళ్ళినా తలుపు తియ్యరు.

ఆయన ప్రాణమంతా వోలేటి వెంకటేశ్వర్లు గారి మీద. శ్రీపాద పినాకపాణి గారి శిష్యుడు, విజయవాడ కేంద్రంలో ఉద్యోగి. సంగీతశిక్షణ కార్యక్రమంలో కీర్తనను ముక్కముక్కగా చెప్పించిన గొంతు అది. బడే గులాం అలీ ఖాన్ అంటే పడి చచ్చే మనిషి, ఆ అభిమానం గమకంలో తెలుస్తుంది. 1989లో పోయారు. ఆయన స్థాయికి తగినన్ని రికార్డులు ఏ కంపెనీ వేయలేదు. ఈ మాట నేను బాధతోనే రాస్తున్నాను. మద్రాసు సభల్లో పేరున్న విద్వాంసులకు ఒకటి తరవాత ఒకటి ఎల్పీలు వస్తుంటే, రాగాన్ని అంత లోతుగా చూసిన మనిషి పాట మాత్రం గాలిలోకి పోతూ ఉండేది. ఆకాశవాణి వాళ్ళకు టేపుల కొరత. ఉన్నవాటినే చెరిపి మళ్ళీ వాడుకునేవారు. ఈనాడు మనకు వోలేటి వారి పాట వినిపిస్తోందంటే అందులో చాలా భాగం, రాత్రిపూట రేడియో పక్కన పాజ్ బటన్ మీద వేలు పెట్టుకుని కూచున్న ఇలాంటి మాష్టార్ల పుణ్యమే.

మాష్టారి నుంచి కాపీ తీసుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. డబ్బు ప్రసక్తి తెస్తే మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వరు. ఖాళీ క్యాసెట్టు మనమే తీసుకెళ్ళాలి, తొంభై నిమిషాలది. నూట ఇరవైది పట్టుకెళితే తిప్పి పంపేవారు. దానిలో టేపు మరీ పల్చన, నలిగి చుట్టుకుపోతుంది. కాపీ అడిగినవాడు తన దగ్గర ఉన్నదేదో, మాష్టారి దగ్గర లేనిది, ఒకటి తీసుకెళ్ళి ఇవ్వాలి. ఏమీ లేని కుర్రాడికి ఆ షరతు ఎలా? దానికీ ఆయన దగ్గర సమాధానం ఉండేది. "విని, ఏం విన్నావో కాగితం మీద రాసి పట్రా. అదే నాకు కొత్తది," అనేవారు. నేను మొదట ఇచ్చింది అలాంటి కాగితమే. తోడి రాగం గురించి నాకేమీ తెలియదు కాబట్టి ఎక్కడెక్కడ ఒళ్ళు జలదరించిందో నిమిషాల లెక్కతో రాసుకెళ్ళాను. ఆయన ఆ కాగితం పట్టుకుని టేపు మళ్ళీ పెట్టి, నేను రాసిన ప్రతి చోటా ఆపి, అక్కడ గాయకుడు ఏం చేశారో చెప్పారు. ఆ సాయంత్రం నేర్చుకున్నదానికి నేనింకా ఆయనకు ఋణపడే ఉన్నాను.

ఆయన ద్వారానే హైదరాబాదు టేపులు మాకు చేరాయి. బడే గులాం అలీ ఖాన్ చివరి రోజులు హైదరాబాదులోనే గడిచాయి. 1968 ఏప్రిల్లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. ఆయన ఇళ్ళల్లో పాడిన పాటల టేపులు ఒకరి నుంచి ఒకరికి పాకి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఎవరి చేతిసంచిలోనో విజయవాడ దిగి, తెనాలి పాసింజరెక్కేవి. నాలుగో ఐదో కాపీ అయ్యేసరికి హోరులోంచి గొంతును ఏరుకుని వినాలి. అయినా వినేవాళ్ళం. ఆ హోరుకు చెవి అలవాటుపడ్డాక దాని వెనకున్న ఠుమ్రీ ఎంత దగ్గరగా వచ్చేదో!

అందరూ మాష్టారిలా ఉండేవాళ్ళని చెప్పను. తన దగ్గరున్నది ఇంకొకరి దగ్గర ఉండకూడదని కోరుకునేవాళ్ళు కొందరుండేవారు. అలాంటివాళ్ళు కాపీ ఇచ్చినా, మధ్యలో కావాలని ఒక చోట టేపు ఆపి ఖాళీ వదిలేవారు. తమ ప్రతి ఒక్కటే సంపూర్ణమని చెప్పుకోవడానికి. ఈ పనిని నేను క్షమించలేను. వాళ్ళు పోయాక ఆ పెట్టెలు పాతసామాన్లవాళ్ళకు వెళ్ళాయి, పాటతో సహా. పంచిన మాష్టారి టేపులు మాత్రం కనీసం పది ఊళ్ళలో ఉన్నాయి.

తెనాలి నాటకాల ఊరు కాబట్టి మా దగ్గర ఇచ్చిపుచ్చుకోవడానికి ఇంకో సరుకు కూడా ఉండేది. పద్యం. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు గార్ల కృష్ణుడు, మాధవపెద్ది సత్యం పద్యాలు, తిరుపతి వెంకట కవుల పడక సీనూ రాయబారమూ. పందిట్లో హార్మోనియం పక్కన టేపురికార్డరు పెట్టి పట్టినవి. కంపెనీ క్యాసెట్లలోనూ ఇవి వచ్చాయి, కానీ పందిరి టేపు వేరు. స్టూడియోలో పద్యం రాగం తీసి ఆగుతుంది. పందిట్లో ఆగదు. జనం వన్స్‌మోర్ అని అరుస్తారు, నటుడు అదే పద్యాన్ని మళ్ళీ ఎత్తుకుంటాడు, రెండోసారి ఇంకో పోకడ పోతాడు. మా పందిరి టేపుల్లో ఒకే పద్యం మూడుసార్లు, మూడు తీర్లుగా ఉన్నది ఒకటుంది. పద్యమంటే చదువుకునే వస్తువు కాదని, అది ఆ రాత్రి ఆ జనంతో కలిసి పుట్టేదని ఎవరికైనా చెప్పాలంటే నేను ఆ టేపే వినిపిస్తాను.

ఇక సొంతంగా కూర్చిన క్యాసెట్లు. ఇంట్లో డబుల్ డెక్కు వచ్చాక అదే మా రాత్రి పని. నా స్నేహితుడొకడు రాగాల క్యాసెట్లు చేసేవాడు. ఒక పక్క మోహన, రెండో పక్క కల్యాణి. మొదట త్యాగరాజ కీర్తన, తరవాత అదే రాగంలో పెండ్యాల పాట, తరవాత రాజేశ్వరరావు, తరవాత ఇళయరాజా. మధ్యలో ఈమని శంకరశాస్త్రి వీణ కాస్త. శాస్త్రం రాని మా ఇంటివాళ్ళకు రాగం పట్టుబడింది ఆ క్యాసెట్లతోనే. మా అక్క పెళ్ళయి కాపురానికి వెళ్ళేటప్పుడు సూటుకేసులో పెట్టుకున్నది ఆ మోహన క్యాసెట్టు. 90లలో కంప్యూటరు కోర్సులు చదివిన కుర్రాళ్ళు అమెరికాకు బయల్దేరినప్పుడు ఆవకాయ సీసా పక్కన తప్పకుండా క్యాసెట్లుండేవి, విమానాశ్రయంలో బరువు చూసి కొన్ని వెనక్కి తీసినా సరే. అక్కడ ఒకే గదిలో నలుగురు వింటే నాలుగు ఊళ్ళ ఎంపికలు కలిసేవి. గుంటూరు కుర్రాడి టేపు వరంగల్లు కుర్రాడు కాపీ చేసుకుని, వాడి ఊరి ఒగ్గు కథ టేపు వీడికిచ్చేవాడు.

క్యాసెట్టు అట్ట మీద రాత గురించి చెప్పకుండా ఎలా? చిన్న చీటీలో పద్నాలుగు పాటలు పట్టాలంటే అక్షరం చీమతలంత ఉండాలి. సినిమా పేరు ఎర్ర సిరా, పాట నీలం సిరా. చివర్న ఇచ్చినవాడి పేరు, తేదీ. ఎవరి నుంచి కాపీ చేశామో కూడా రాయడం మా గుంపు ఆచారం. ఆ చీటీ చదివితే ఆ పాట ఏయే చేతులు మారి వచ్చిందో తెలిసేది. నా దగ్గరున్న ఒక భక్తిరంజని టేపు మీద ఐదుగురి పేర్లున్నాయి. నేను కలిసింది ఇద్దర్నే.

వాటిని కాపాడుకోవడమూ పెద్ద పనే. టేపు వదులైతే పెన్సిలు దూర్చి బిగించాలి. తెగితే సెల్లోటేపుతో అతకాలి. ఎక్కువ అతకకూడదు, హెడ్డుకు జిగురంటుతుంది. దూదికి స్పిరిటు అద్ది హెడ్డు తుడవాలి. ఎవరూ మీద ఎక్కించకుండా పైనున్న రెండు రెక్కలూ విరవాలి. వానాకాలం వచ్చిందంటే భయం, టేపు అంచున తెల్లగా బూజు పట్టేది. స్పీకరు పక్కన పెట్టినందుకు అమ్మమ్మ గొంతున్న క్యాసెట్టు మసకబారిన ఇల్లు ఒకటి నాకు తెలుసు.

2000 దాటుతుండగా ఎంపీ3 సీడీలు ఫుట్‌పాత్‌ల మీదికొచ్చాయి. ఒక్క సీడీలో నూట యాభై పాటలు. జాబితా అక్కర్లేదు, నిమిషాల కూడిక అక్కర్లేదు, చివర మిగిలే జాగా లేదు. బోసు రోడ్డు షాపు కొన్నాళ్ళు జెరాక్సు సెంటరుగా నడిచి మూతపడింది. ఆ బైండు పుస్తకాలు ఏమయ్యాయో కనుక్కోవాలని వెళ్ళేసరికి ఇల్లే అమ్మేశారు. మా ప్రాంతపు పాటల అభిరుచి ఏమిటో, ఎవరు ఏది అడిగారో చెప్పగల పుస్తకం అంతకన్నా మరొకటి లేదు. అది పోవడం నాకు ఒక రికార్డు పోవడం కన్నా ఎక్కువ బాధ.

ఈమధ్య మాష్టారి అబ్బాయి ఆ క్యాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాడు. డెక్కుల రబ్బరు బెల్టులు సాగిపోయాయి, కొత్తవి వెతికి తెప్పించుకుని నడుపుతున్నాడు. తొంభై నిమిషాల క్యాసెట్టును తొంభై నిమిషాలూ కూచుని వింటేనే ఎక్కుతుంది, దానికి దగ్గరదారి లేదు. అప్పుడప్పుడు నేనూ వెళ్ళి కూచుంటాను. వాటిలో వోలేటి వారి కచేరీ ఒకటుంది. ఊరు లేదు, ఏడాది లేదు. మాష్టారి రాతలో "ఏలూరు నుంచి వచ్చింది" అని మాత్రం ఉంది. మైకు సర్దుతున్న చప్పుడు, తంబురా, ఎవరో దగ్గడం, తరవాత రాగం. ఏ పక్కంతా ఆలాపనే. బీ పక్క కీర్తన మొదలై, నెరవు మంచి పట్టులో ఉండగా టేపు అయిపోతుంది. మిగతాది ఇంకో క్యాసెట్టు మీద ఉండి తీరాలి. ఏలూరులోనో, చుట్టుపక్కలో, మీ ఇంట్లో పెద్దవాళ్ళ పెట్టె ఏదైనా అటక మీదుంటే ఒకసారి దించి చూడండి. అట్ట మీద పేరు లేకపోయినా సరే, నెరవు మధ్యలోంచి మొదలయ్యే టేపు కనిపిస్తే చెప్పండి, ఖాళీ క్యాసెట్టు పట్టుకుని నేనే వస్తాను.